మన సినిమా లెక్క



ఏది చెత్త సినిమా, ఏది మంచి సినిమా అని మన హాస్టళ్లలో రాత్రంతా వాదించుకుంటాం. వసూళ్లు, ఫైట్లు, పాటలు లెక్కపెడతాం. మనకు ఇంకో లెక్క కూడా ఉండాలి: తెరమీద ఆదివాసీ మనిషిలా కనిపించాడా, మనిషిలా మాట్లాడాడా?

తలకు ఈకలు, నడుముకు ఆకులు కట్టి, అర్థంలేని కేకలు పెట్టించి, హీరోని గుంజకు కట్టేసే గుంపుగా మనల్ని చూపించే సినిమా ఎన్ని రోజులు ఆడినా మనకు చెత్తే. ఆ కేకలే రేపు బడిలో మన పిల్లల వెంటపడతాయి. గోండి, కోయ, కువి మాట్లాడే మనకు మాటే లేదన్నట్టు చూపడం చిన్న తప్పు కాదు.

'ఆర్ఆర్ఆర్' (2022) మీద మనలో రెండు మాటలున్నాయి. భీమ్ పేరు దేశదేశాలకు చేరిందని కొందరం అంటాం. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన భీమ్ అసలు పోరాటం అందులో లేదని కొందరం అంటాం. రెండూ నిజమే.

మరి అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీమ్' మనలో ఎందరం చూశాం? 1990లోనే తయారై నంది అవార్డులు అందుకున్న ఆ సినిమా థియేటర్లకు వచ్చింది 2010లో. అరవిందన్ మలయాళంలో తీసిన 'కాంచనసీత' (1977)లో రామలక్ష్మణుల వేషాలు కట్టింది మన చెంచులే. ఆ సంగతి మనకే తెలియకపోతే ఇంకెవరు చెబుతారు?

ఈసారి వాదనకు కూర్చునే ముందు ఈ రెండూ వెతికి, కలిసి చూద్దాం. ఆ తర్వాత ఎంతసేపైనా వాదించుకుందాం.

జై ఆదివాసీ!