పాత గొడ్డళ్లు: సేకరణము, సంరక్షణము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున గొడ్డలిని గూర్చి ముచ్చటించుట తగునా యని కొందరు శంకింపవచ్చును. మన నుడికారము కూడ గొడ్డలికి ప్రతికూలముగనే సాక్ష్యమిచ్చుచున్నది. మంచి పని చెడినచో ‘గొడ్డలిపెట్టు’ అందుము. చిన్న పనికి పెద్ద హంగామా చేయువానిని ‘గోటితో పోయేదానికి గొడ్డలి యెందుకు’ అని మందలింతుము. కాని పొదలు కొట్టి చేను చేసినది గొడ్డలి. ఇంటికి దూలమును, నాగలికి మేడిని, బండికి ఇరుసును సమకూర్చినది గొడ్డలి. మన పుస్తకముల బీరువా పలకలు సైతము ఒకనాడు చెట్టుగా నిలిచినవే గదా!

అమరకోశమున దీనికి కుఠారము, స్వధితి, పరశువు, పరశ్వధము అను పేర్లున్నవి. పరశువును ధరించుటచేతనే జమదగ్ని కుమారుడు పరశురాముడైనాడు. ఆ కథను పోతన భాగవతము నవమస్కంధమున చదువుకొనవచ్చును. కంటితో చూడదలచినవారు ఏర్పేడు సమీపమునగల గుడిమల్లమునకు పోవలెను. అచ్చటి పరశురామేశ్వరాలయమున లింగముపై చెక్కిన శివుడు ఒక చేత పొట్టేలును, ఒక చేత చిన్న పాత్రను ధరించి, ఎడమ భుజముపై గొడ్డలి పెట్టుకొని నిలిచియున్నాడు. ఈ లింగము క్రీస్తుకు పూర్వపు శతాబ్దులదని పలువురు పండితుల అభిప్రాయము. మన పొరుగున జోగిమల్లవరములోని స్వామి పరాశరేశ్వరుడు; గుడిమల్లము స్వామి పరశురామేశ్వరుడు. పేర్లు దగ్గరగా నున్నను రెండును వేరని పిల్లలకు చెప్పవలయును.

గొడ్డలి చరిత్ర ఇనుముతో మొదలు కాలేదు. రాబర్టు బ్రూసు ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1863లో మదరాసు చెంత పల్లావరమున రాతి పనిముట్టును గుర్తించి, పిమ్మట బళ్లారి, అనంతపురము, కర్నూలు, కడప సీమలలో అనేక రాతి పరికరములను సేకరించినాడు. మన రేణిగుంట పరిసరములలోను రాతియుగపు పనిముట్లు లభించినవి. బళ్లారి కడ కొండలలో నవీన శిలాయుగపు వారు నల్లని డోలరైటు రాతిని మొదట పెచ్చులుగా కొట్టి, తరువాత పొడిచి, అరగదీసి, నునుపుచేసి గొడ్డళ్లు చేసిరి. ఇట్టివానిని పిడుగుతో పడిన రాళ్లని అనేక దేశముల ప్రజలు భావించిరి.

ఫుట్ సేకరణను 1904లో మదరాసు మ్యూజియము కొనినది. ఆయన మరణానంతరము దాని పట్టిక 1914లోను, వివరణ 1916లోను ముద్రితమైనవి. ఆ సేకరణకు విలువ వచ్చినది వస్తువుల సంఖ్యచేత మాత్రము కాదు. ఏ రాయి ఏ చోట దొరకినదో వ్రాసియుంచుటచేత. లెక్కలు వ్రాయుట వృత్తిగా గల నాకు ఈ మాట మిక్కిలి నచ్చినది. చిరునామా లేని రాయి ఖాతా లేని సొమ్మువంటిది. కనుక పొలమున అట్టి రాయి కనిపించినచో చుట్టును త్రవ్వకుడు; నూనె పూయకుడు; చోటు గుర్తించి అధికారులకు తెలియజేయుడు. ప్రాచీన వస్తువుల విషయమున 1972 నాటి చట్టమొకటి యున్నదని మరువరాదు.

ఇక మన ఇండ్లలోని ఇనుప గొడ్డళ్ల సంగతి. ఊరి కమ్మరి మెత్తని ఇనుముతో ఒడలు చేసి, వాదరకు మాత్రము ఉక్కు అతికి, కొలిమిలో కాచి, నీట ముంచి పాయనము పెట్టెడివాడు. ఒడలు దెబ్బకు ఓర్చును. వాదర పదును నిలుపును. దీనిని బాగుచేయువారు మొట్టమొదట గమనింపవలసినది ఈ కూర్పునే. వేగముగా తిరుగు సానయంత్రమునకు పట్టినచో వాదర వేడెక్కి నీలివర్ణము తేలును; అంతటితో పాయనము పోయినట్లే. నీరు చిలుకరించుచు సానరాతిపై మెల్లగా నూరుట మేలు. త్రుప్పును ఇటుకపొడితో రుద్ది, తడి లేకుండ తుడిచి, పలుచగా నూనె రాయవలెను. సమ్మెట దెబ్బల గుర్తులను, కమ్మరి వేసిన గీతలను మాత్రము అరగదీయరాదు. అవి ఆ పనివాని చేవ్రాలు.

కామకు చిరుమాను మంచిది. తుమ్మ కూడ పనికివచ్చును. కొయ్య బాగుగా ఎండినదై, దాని పోగులు పొడవునా తిన్నగా నుండవలెను. పచ్చికొయ్య ఎండినకొలది కుదించుకొనిపోయి గొడ్డలి ఊడును. వదులైన కామను నీట నానబెట్టుట తాత్కాలికోపాయము; ఆరిన పిమ్మట మరింత వదులగును. ఊడి ఎగిరిన గొడ్డలి ఎదుటివాని ప్రాణమునకే ముప్పు. కనుక చీల బిగింపని గొడ్డలిని ఎవరి చేతికిని ఈయకుడు.

నేడు యంత్రపు రంపములు వచ్చినవి. పల్లెలలో కొలుములు అనేకము చల్లారినవి. తాతనాటి గొడ్డలి పాత ఇనుముగా తూకమునకు పోవుచున్నది. తూకమున దానికి వచ్చునది కొద్ది రూపాయలు. దానితో పోవునది మాత్రము చేసినవాని నేర్పు, పట్టినవాని కష్టము. ఇంటి పెద్దలు జీవించియుండగనే ఈ గొడ్డలి ఎవరు చేసిరి, ఎవరు వాడిరి, ఏ పనికి వాడిరి అని అడిగి ఒక చీటీపై వ్రాసి కట్టియుంచుడు. వారు వెళ్లిన పిమ్మట ఆ సమాచారము ఏ పుస్తకమునను దొరకదు.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము అచ్చుపుస్తకములను కాపాడినది. అచ్చుకాని పుస్తకములు కూడ కొన్ని యున్నవి. అవి మన అటకలపై త్రుప్పుపట్టుచున్నవి. వానికై ఈ భవనమున ఒక అర కేటాయింపవలసినదిగా కార్యవర్గమును వినయపూర్వకముగ కోరుచున్నాను.