నిత్యజీవితమున శ్రమ పొదుపు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)

  

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పెద్దలు పలువురు సాహిత్యమును గూర్చి ప్రసంగించిరి. నేను పండితుడను గాను. చిన్ననాటినుండియు యంత్రములయందు వ్యామోహము గలవాడను. కావున దినదినము మనము చేయు పనులలో శ్రమను, కాలమును ఎట్లు పొదుపు చేయవచ్చునో నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసికొందును.

ముందుగా నా పొరపాటునే చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట పొలములోని మోటారునకు సెల్‌ఫోనుతో నడచు స్టార్టరు నమర్చితిని. అరుగుమీద కూర్చుండి మీట నొక్కిన చాలును, నీరు పారును. నడక తప్పినదని మురిసితిని. ఒకనాటి రాత్రి గట్టు తెగి, నీరంతయు పొరుగువాని వరిపనలలోనికి పోయినది. నా మొక్కజొన్నకు తడి అందలేదు. పొరుగువానికి నష్టమును నేనే యిచ్చుకొంటిని. అప్పుడు తెలిసినది: నేను పొలమునకు నడచినది మీట నొక్కుటకు మాత్రమే గాదు. ఆ నడకలో కన్ను గట్టును, పైరును, పురుగును చూచుచుండెను. యంత్రము చేతిపనిని తీసికొన్నది గాని కంటిపనిని తీసికొనలేదు.

ఇంటివద్ద మరియొక పాఠము కాచుకొని యున్నది. అప్పటికి మా వీధిలో ఇంటింటికి కొళాయిలు లేవు. నా భార్య ఒకనాడు, "మీ ఫోను పొలానికి నీరు పంపుతాది గదా, నా బిందిని కూడా ఇంటికి తెస్తాదేటి?" అని అడిగినది. సిగ్గుపడి లెక్క వేసితిని. దినమునకు పండ్రెండు బిందెలు. ఒక్కొక్క బిందెకు రానుబోను 180 అడుగులు. వెరసి 2,160 అడుగులు. నాలుగు బిందెలు పట్టు రెండు చక్రముల తోపుడుబండిని చేయించితిని. మూడు మారులలో పని ముగిసినది. అడుగులు 540కి తగ్గినవి. దానిని గొప్ప యంత్రమని ఎవరును అనరు. కాని నేను కొన్న వస్తువులన్నిటిలో ఎక్కువ శ్రమను తగ్గించినది అదియే.

ఇట్టి దృష్టి గలవారు మన తెలుగునాట లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్.పి. రాజుగారు పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి చిన్న పుస్తకమును ప్రకటించిరి. ఒకే మంటపై పెక్కు పాత్రలు ఉడుకును; పొగ వెలికి పోవును. అయితే గొట్టములో మసి పేరుకొనినపుడు దులుపనిచో పొగ తిరిగి వంటయింటికే వచ్చును. సాధనమును తెచ్చుటతో పని తీరదు. దానిని కనిపెట్టి యుండు మనిషి కావలెను.

ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశముగారి సంగతి మీలో కొందరెరుగుదురు. పోచంపల్లి తరహా చీరెకు ఆసు పోయుటలో తల్లి లక్ష్మిగారు చేతిని సుమారు 9,000 మారులు ఆడింపవలసి వచ్చెడిది. ఆమె భుజము నొప్పిని చూడలేక, 1992లో ప్రారంభించి, 1999 నాటికి ఆసు యంత్రమును సాధించి దానికి తల్లి పేరే పెట్టిరి. నాలుగు గంటల పని గంటన్నరకు తగ్గినది. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. యంత్రముపై మోజుతో గాక, తల్లి నొప్పితో మొదలిడుటయే వారి విజయమునకు మూలమని నా నమ్మకము.

మన పొందూరులో నూలు వడుకువారు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వుదురు. అచ్చట వేగమును కోరి ఆ పనిని యంత్రమునకు అప్పగించినచో బట్ట వచ్చును గాని ఆ బట్ట రాదు. అట్టిచోట పని జోలికి పోక, పనిచేయువారికి మంచి వెలుతురు, నడుము నొవ్వని పీట, ముదుసలులకు కండ్లజోడు సమకూర్చుటయే సరియైన పొదుపు.

గ్రంథాలయమువారికి మూడు మనవులు. మొదటిది: పుస్తకములవలెనే నిచ్చెన, తూకపుకాటా, సైకిలు పంపువంటి పనిముట్లను ఎరువిచ్చుటకు ఒక అర ఏర్పరుపుడు. ఏడాదికి రెండు మారులు వాడు వస్తువును ఇంటింట కొననక్కరలేదు. రెండవది: 2025 జనవరిలో మన రాష్ట్రప్రభుత్వము "మన మిత్ర" పేర వాట్సాపు ద్వారా సేవలను ప్రారంభించినది. అక్షరము రానివారికి అది మూసిన తలుపే. వారమున కొకనాటి సాయంకాలము చదువుకొన్న పిల్లలు ఇచ్చట కూర్చుండి పెద్దలకు సాయపడినచో, కచేరీ చుట్టు తిరుగుటలో పోవు ఒకనాటి కూలి మిగులును. మూడవది: క్రొత్త వస్తువును కొనదలచినవారు ముందుగా ఏడుదినములు ఇంటిలో ఎవరెంత నడచుచున్నారో, ఎంతసేపు వంగుచున్నారో వ్రాసికొనుటకు ఒక పుస్తకము నుంచుడు.

చివరిమాట. నిన్న మన సందర్శకుల పుస్తకమును తిరుగవేసితిని. స్త్రీల సంతకములు పుటకు రెండైనను లేవు. వారికి చదువుపై ఆసక్తి లేక కాదు, తీరిక లేక. మనము పొదుపు చేసిన కాలము ఎవరి చేతికి చేరినదో ఆ పుటలే చెప్పును. స్వర్ణోత్సవము నాటికి ఆ లెక్క మారినచో, ఈ యంత్రములన్నియు సార్థకమైనట్లే.