అక్షరమా, పదమా? - పిల్లలకు చదువు నేర్పు మార్గము
(అరియాంకుప్పమున చేసిన ప్రసంగ పాఠము)



మనము కూడియున్న ఈ అరియాంకుప్పమునకు చేరువనే అరికమేడు కలదు. 1945లో వీలర్ పండితుడు అచ్చట త్రవ్వకములు జరిపించెను. ఆ దిబ్బలలో బ్రాహ్మీ అక్షరములు గీసిన కుండపెంకులు దొరకినవి. నేటి తెలుగు లిపికిని, తమిళ లిపికిని మూలము ఆ బ్రాహ్మియే. హల్లునకు అచ్చు గుర్తును తగిలించు మన గుణింతపు పద్ధతియు దాని సొత్తే. పిల్లల చదువును గూర్చి ముచ్చటించుటకు ఇది తగిన చోటు.

చదువు నేర్పుటకు రెండు మార్గములు కలవు. అక్షరములను, వాని ధ్వనులను ముందు నేర్పి, వానిని కూర్చి పదము చదివించుట మొదటిది. బొమ్మ క్రింద పదమును మొత్తముగా గుర్తింపజేయుట రెండవది. అమెరికాలో ఈ రెండవది చిరకాలము రాజ్యమేలెను. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ దానిని ఖండించుచు గ్రంథము వ్రాయగా పెద్ద వాదము చెలరేగెను. 2000లో అచ్చటి జాతీయ పఠన సంఘము, ధ్వనులను క్రమముగా నేర్పుటయే మేలని తేల్చెను.

ఆ వాదము మనకు యథాతథముగా వర్తింపదు. ఆంగ్లమున ఒక్క అక్షరమే పలు తీరుల పలుకును. తెలుగున దాదాపు వ్రాసినట్లే చదువుదుము. కావున ధ్వనిమార్గము మనకు సహజము. మన పెద్దలు ఇసుకలో ఓనమాలు దిద్దించి, గుణింతములు వల్లెవేయించినది ఈ మార్గముననే.

అయినను మన చిక్కు మనకు కలదు. ఆంగ్లమునకు 26 అక్షరములు చాలును. మనకు సుమారు 35 హల్లులు, ఒక్కొక్కదానికి 12 గుణింతములు. లెక్క 400 దాటును. ఆపైన ఒత్తులు! మన లిపికి తోబుట్టువైన కన్నడమును గూర్చి సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన, ఇట్టి అక్షరములన్నియు పట్టుబడుటకు పిల్లలకు కొన్ని సంవత్సరములు పట్టునని చూపినది. అంతవరకు పదమే చదువనీయకున్నచో బిడ్డకు విసుగు పుట్టదా? అట్లని పదమునే నమ్ముకొన్నను ముప్పే. బొమ్మ చూచి 'పాలు' అని చదివిన బిడ్డ, 'పాము'లోని 'పా'ను గుర్తింపలేకపోవచ్చును.

కావున రెంటిని కలుపవలెను. త, ల, ప, క - ఈ నాలుగు అక్షరములు నేర్పిన నాడే తల, కల, లత, పలక, కలత చదివింపవచ్చును. మరునాడు దీర్ఘమొక్కటి చేర్చినచో తాత, పాప, పాక వచ్చును. నేర్చిన ప్రతి అక్షరమును వెంటనే తెలిసిన మాటలో కనబడవలెను.

ఈ ప్రాంతమున మరియొక జాగ్రత్త అవసరము. తమిళమున క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. ఆ లిపిని ముందు నేర్చిన మన బిడ్డకు 'కోడలు', 'గోడలు' అను మాటల భేదమును చెవికి వినిపించి, కంటికి చూపవలెను. తమిళమున ఎత్వ, ఏత్వముల గుర్తులు హల్లునకు ముందు వచ్చును. మనకు తలపై నిలుచును. ఇదియు చెప్పి దిద్దింపవలెను.

ఉద్యోగరీత్యా ఊరూర తిరుగువారము మనము. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని, పలువురికి బడిలో తెలుగు లేదు. నాలుకపై మాత్రమే నిలిచిన భాష ఒక తరముతో జారిపోవచ్చును. రాత్రి భోజనమునకు ముందు పావుగంట, ఒక పలక, నాలుగు అక్షరములు - ఇంతమాత్రము ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు చేయగలరు. తాతగారు వ్రాసిన ఉత్తరమును మనుమడు తానే చదువుకొనుటకంటె మన శ్రమకు వేరు ఫలమేల?