స్ప్రింగు, ఘర్షణ, శక్తి లెక్క



సత్యవేడు ప్రాంతమున 2008లో ఆరంభమైన శ్రీసిటీలో అనేక కర్మాగారములు వెలసినవి. అచ్చటి ఇసుజు కర్మాగారము 2016 నుండి సరకులు మోయు పికప్ వాహనములను నిర్మించుచున్నది. అట్టి బండ్ల వెనుక ఇరుసుపై, లారీలకు వలెనే, కమాను పట్టీల కట్టలుండును. చక్రము గుంతలో పడి లేచునప్పుడు పట్టీలు వంగి కుదుపులోని శక్తిని గ్రహించును. మరల యథాస్థితికి వచ్చుచు దానిని తిరిగి యిచ్చును. అట్లయిన బండి ఎడతెగక ఊగవలెను గదా! రెండు మూడు ఊపులకే నిలుచుటేల? ఆ శక్తి ఎచ్చటికి పోయినది?

ఒక చిన్న లెక్క దీనిని విప్పి చెప్పును. స్ప్రింగు నొక్కుడు బలమునకు అనుపాతముగా నుండునని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించెను. బల్లపై నొక చెక్కదిమ్మను స్ప్రింగునకు ఆనించి 10 సెంటీమీటర్లు వెనుకకు నొక్కితిరనుకొనుడు. బలము సున్నతో మొదలై 20 న్యూటన్లకు పెరిగినచో సగటు 10 న్యూటన్లు. స్ప్రింగున జమయైన శక్తి 1 జౌలు. బల్ల ఘర్షణ 1 న్యూటను. వదలిన దిమ్మ సరిగా 1 మీటరు పోయి ఆగును. బల్లను నునుపుచేసి ఘర్షణను సగము చేసినచో 2 మీటర్లు పోవును. జమ మారలేదు, ఖర్చు నెమ్మదించినది.

ఖర్చైనది నశించెనా? లేదు. దిమ్మయు బల్లయు ఆ మేరకు వేడెక్కినవి. ఫిరంగి గొట్టములను తొలుచునప్పుడు రాపిడివలన వేడి ఎడతెగక పుట్టుచుండునని 1798లో రంఫర్డు చూపెను. 1840ల దశాబ్దమున జౌల్ పనికిని వేడికిని గల నిష్పత్తిని కొలిచెను. శక్తి రూపము మారునే గాని మొత్తము తరుగదు. అయినను చెదరిన వేడినంతయు పోగుచేసి దిమ్మను మరల తొలి స్థానమునకు చేర్చుట సాధ్యము గాదు.

కమానులయందును ఇదియే జరుగును. పట్టీలు ఒకదానితో నొకటి రాసుకొనును. షాక్ అబ్సార్బరులోని నూనె సన్నని రంధ్రముల గుండ దూరును. ఊపు వేడిగా మారి అణగును. కావున ఘర్షణ కేవలము శత్రువు గాదు. ఇరుసునకు కందెన ఎంత అవసరమో సుమతీ శతకకారుడు ఏనాడో దృష్టాంతముగా గ్రహించినాడు. అదే కందెన బ్రేకునకు తగిలినచో ప్రాణాపాయము! ఘర్షణను ఎచ్చట తగ్గింపవలెనో, ఎచ్చట నిలుపవలెనో తెలియుటయే వివేకము.

బావి మోటారు బేరింగు కందెన లేక చేయి కాలునట్లు వేడెక్కినచో, నీరు తోడవలసిన శక్తిలో కొంత అచ్చట వ్యయమగుచున్నదని రైతు గుర్తింపవలెను. శక్తి నశింపదన్న మాట సత్యమే. కాని ఆ వేడితో పైరు తడవదు.