పాత ఫియట్టు కారు కొనుట

ఇటలీ దేశములో కొన్ని కార్లకు ‘గ్రాన్ టురిస్మో’ అని పేరు. దూరయాత్రకు తగిన మేలి బండి అని దాని భావము. ఇద్దరు మనుష్యులను, వారి పెట్టెలను ఎక్కించుకొని దినమంతయు వేగముగా పరుగెత్తినను, దిగినవారికి నడుము నొప్పి తెలియనీయని బండి యన్నమాట. 1951లో లాంచియా కంపెనీవారు తమ ఆరేలియా బండ్లలో ఒక రకమునకు ఈ పేరు పెట్టిరి. తరువాత ఫెర్రారి, మాసెరాటి కంపెనీలు ఇట్టి బండ్లకు ప్రసిద్ధి కెక్కినవి. ఆనాటి ఫెర్రారి బండ్లలో బాగుగా కాపాడబడినవి నేడు కోట్ల రూపాయలకు చేతులు మారుచున్నవి. వానిని కొనువారు మొదట అడుగునది రంగును గురించి కాదు, వేగమును గురించియు కాదు. ఇంజను మీది సంఖ్య కాగితములలోని సంఖ్యతో సరిపోవుచున్నదా, ఇంతకాలము ఈ బండి ఎవరియొద్ద నున్నది, ఎప్పుడెప్పుడు ఏ మరమ్మతు జరిగినది అని అడుగుదురు. ఫెర్రారి కంపెనీవారు 2006 నుండి తమ పాత బండ్లను పరీక్షించి, అసలు బండియే యని పత్రమిచ్చు శాఖ నొకదానిని నడుపుచున్నారు.

గుంటూరు, ప్రకాశము సీమలలో పత్తి చేలకును మిరప కళ్ళములకును తిరుగు మనకు ఆ బండ్లతో పని యేమి అని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. అక్కడినుండి తెప్పించుకొందమన్నను, మూడేండ్లకు మించిన వాడిన కారు మామూలుగా దిగుమతికి పనికిరాదు. సుంకమును భారమే. కాని మన నల్లరేగడి బాటలకు ఏనాడో వచ్చి, మన ఇండ్ల ముందు నిలిచిన ఇటలీ కారు ఒకటి కలదు. అదే ఫియట్టు.

ట్యూరిన్ నగరమున 1899లో పుట్టిన కంపెనీ ఫియట్టు. వారి 1100 రకపు కారు 1954 నుండి బొంబాయిలో, కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి కర్మాగారమున తయారగుచు వచ్చినది. 1974 నుండి దానికే ప్రీమియర్ పద్మిని యని పేరు. ఇటలీలో ఈ 1100 కారుకే ‘టురిస్మో వెలోచె’, అనగా వేగయాత్ర, అను పేరుతో చురుకైన రకమొకటి 1953లో వెలువడినది. కనుక మన ఫియట్టు గ్రాన్ టురిస్మో కాకపోయినను దానికి దూరపు చుట్టమే. ఈ శతాబ్ది ఆరంభమున దీని తయారీ ముగిసినది. బొంబాయి వీధులలో మిగిలిన కడపటి పద్మిని టాక్సీ కూడ 2023 అక్టోబరులో విరమించినది. ఇక అమ్మకమునకు వచ్చు ప్రతి ఫియట్టును వాడినదే. అందుచేత అది ఎట్లు వాడబడినది అన్న ప్రశ్నయే మనకు ముఖ్యము.

మా ఇంట ఒక ఫియట్టు ఉండెడిది. పత్తి బాగుగా పండిన ఒక యేడు మా నాన్నగారు దానిని కొనిరి. కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, ఊరి పిల్లలనందరను ఎక్కించి చెరువుకట్ట వరకు త్రిప్పిరి. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిని తెల్లదోమ తినివేసినది. ఎన్ని మందులు కొట్టినను తెల్లదోమ తగ్గలేదు, మందుల అప్పు మాత్రము పెరిగినది. అప్పులు తీర్చలేక ప్రాణములు తీసికొన్న రైతులును కలరు. ఆ యేడే మా నాన్నగారు కారు అమ్మిరి. మేము అప్పుడు చిన్నవారము. కొన్నవారు తాళము అందుకొనుచుండగా ఆయన అనిన మాటలు మాకు నేటికిని జ్ఞాపకము. “ఎడమ పక్క వెనక తలుపు వానకు కారుతుందండీ. మూడో గేరు నిదానంగా వెయ్యాలి. మిగతాదానికి పేరు పెట్టక్కర్లేదు” అనిరి. ఆ మాట విని కొన్నవారు వేయి రూపాయలు తగ్గించిరి. మా అమ్మగారు ఆ వేయి రూపాయలను చాలకాలము మరువలేదు.

ఈ మధ్య అట్టి బండినే కొనవలెనని మాకు కోరిక కలిగినది. కోరిక గలవాడు తొందరపడును. మేమును తొందరపడితిమి. ఒక ఊరిలో మీగడరంగు ఫియట్టు ఒకటి అమ్మకమునకు వచ్చినదని విని సాయంత్రము వేళ వెళ్ళితిమి. అద్దమువలె మెరయుచున్నది. అచ్చముగా మా నాన్నగారి బండివలెనే తోచినది. అప్పటికప్పుడు పదివేల రూపాయలు బయానా ఇచ్చితిమి. మరునాడు ముప్పది ఏండ్లుగా ఫియట్లు విప్పి బిగించిన మెకానిక్కు నొకనిని వెంటబెట్టుకొని పోతిమి. ఆయన జేబులోనుండి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతమును తీసి తలుపు అడుగున ఆనించెను. అది నిలువక జారిపోయినది. అక్కడ రేకు లేదు, పుట్టీ యున్నది. లోపలి చాప ఎత్తగా, అడుగు రేకు తినివేయబడి, పైన నూనె డబ్బా రేకు ముక్క అతుకబడియున్నది. ఇంజను సంఖ్యకును ఆర్.సి. పుస్తకములోని సంఖ్యకును పొందిక లేదు. “మీరు బండికి కాదు సార్, రంగుకు బయానా ఇచ్చారు” అనెను. ఆ పదివేలు తిరిగి రాలేదు. ఆ డబ్బుతో నేర్చినదానిని శ్రోతలకు ఉచితముగా చెప్పుచున్నాము.

నిజమునకు ఈ విద్య మన ప్రాంతమువారికి క్రొత్తది కాదు. గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారుడు టిక్కీ మూతిలో కనబడు కాయను చూచి ధర చెప్పునా? లోపలినుండి పిడికెడు తీయును. కాయ విరిచి గింజ చూచును, వాసన చూచును, తేమ యున్నదో లేదో వ్రేళ్ళతో నొక్కి తెలిసికొనును, తాలుకాయ పాలెంతయో లెక్క కట్టును. ఒంగోలు కోడెను కొనువాడును అంతే. పండ్లు చూచును, నడిపించి చూచును, ఇంతవరకు ఎవరి యింట పని చేసినదని విచారించును. ఇంత తెలిసిన మనము కారు దగ్గరకు వచ్చునప్పటికి రంగు చూచి మోసపోవుచున్నాము.

మొదట దేహమును చూడవలెను. ఫియట్టు 1100కు లారీకి వలె విడిగా ఇనుప చట్రము లేదు. అడుగు రేకు, ప్రక్క రేకులు కలిసి బండి బరువును మోయును. అందుచేత దీనికి తుప్పు పట్టుట అందమునకు లోపము మాత్రమే కాదు, ఎముక చెడుట. నల్లరేగడి మట్టి మడ్‌గార్డుల లోపల మెత్తుకొని నెలల తరబడి తేమను పట్టి యుంచును. చీరాల, బాపట్లల వైపు తిరిగిన బండికి ఉప్పుగాలి తోడగును. కనుక చాపలెత్తి చూడుడు. డిక్కీలో స్టెపినీ చక్రము తీసి దాని క్రింద చూడుడు. తలుపుల అడుగు అంచులను, ముందు అద్దము చుట్టును వ్రేలితో తడుముడు. ఇంజను ఎట్టిదైనను బాగుచేయించుకొనవచ్చును. కుళ్ళిన దేహమునకు అయ్యెడు ఖర్చు బండి ధరను మించిపోవును.

ఇంజనును ప్రొద్దుటే, చల్లగా నున్నపుడు చూడవలెను. మీరు వెళ్ళుసరికే బానెట్టు వెచ్చగా నున్నచో మరియొకనాడు వత్తుమని చెప్పి రండు. వెచ్చని ఇంజను తన జబ్బులను దాచుకొనును. వేడెక్కిన పిమ్మటను నీలిపొగ మానకున్నచో నూనె కాలుచున్నదని గుర్తు. తెల్లపొగ ఎడతెగక వచ్చుచు, నూనె మూతక్రింద పాలమీగడ వంటి జిడ్డు కనబడినచో నీరు నూనెలో కలియుచున్నదని అనుమానింపవలెను. మన ఎండలలో రేడియేటరు పరీక్ష మరువరాదు. మధ్యాహ్నమున అరగంట నడిపి, నిలిపి, ఇంజను తిరుగుచుండగానే నీరు పొంగునేమో చూడుడు. స్టీరింగు క్రిందనుండు గేరు రాడ్డు వదులు పడినదా, బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగుచున్నదా గమనింపుడు.

ఇక కిలోమీటర్ల సంగతి. తక్కువ తిరిగిన బండి మేలైనదని అందరు నమ్ముదురు. పత్తి కొట్టులో పదేండ్లు కదలక నిలిచిన బండిని మేము చూచితిమి. టైర్లు రాయివలె గట్టిపడినవి. బ్రేకు సిలిండర్లు పట్టుకొనిపోయినవి. పెట్రోలు ట్యాంకులో తుప్పు. తీగలను ఎలుకలు కొరికినవి. వారమున కొకసారియైన నడిచిన బండియే ఆరోగ్యముగా నుండును. మరియొక క్రొత్త సమస్య కలదు. నేటి పెట్రోలులో ఇథనాలు 20 శాతము వరకు కలియుచున్నది. ఆ కాలపు రబ్బరు గొట్టములు, వాషర్లు దీనికొరకు చేయబడినవి కావు. వానిని మార్పించినారా యని అడుగవలెను. లేనిచో ఆ ఖర్చును మీ లెక్కలో వేసికొనవలెను.

కాగితముల మాట. ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య రెండును ఆర్.సి. పుస్తకముతో అక్షరమక్షరము సరిచూడవలెను. పదునైదేండ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషను మరల చేయించుకొనవలెను. అది జరిగినదా, ఎన్నాళ్ళ వరకు చెల్లును అని చూడుడు. పాత అప్పు పేరు పుస్తకములో మిగిలియున్నచో అది తొలగింపబడిన పిమ్మటనే డబ్బు ఇయ్యవలెను. 29, 30 నంబరు ఫారములపై సంతకములు మీ కన్నుల యెదుట జరుగవలెను. పేరు మార్పు కాని బండి ఎక్కడ ఏ ప్రమాదము చేసినను నోటీసు పాత యజమానికే పోవును. కావున ఈ జాగ్రత్త అమ్మువానికిని అవసరమే. ఏబదియేండ్లు దాటిన బండ్లకు 2021 నుండి ప్రత్యేకమైన రిజిస్ట్రేషను పద్ధతి వచ్చినది. ఆ గౌరవము పొందిన బండిని ప్రదర్శనలకు, ఊరేగింపు పందెములకు తీసికొనిపోవచ్చునే గాని నిత్యము సంతకు, పొలమునకు నడుపరాదు. మీకు కావలసినది ముచ్చటయా, వాడుకయా అన్నది ముందుగానే తేల్చుకొనుట మంచిది.

ఇంతయు తెలిసికొని మేము మరల వెదకసాగితిమి. చివరకు అద్దంకి దగ్గర ఒక పల్లెలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక హెడ్మాష్టరుగారి యింట పద్మిని ఒకటి కలదని తెలిసినది. వెళ్ళి చూచితిమి. రంగు వెలిసిపోయినది. బంపరు మీద సొట్ట. మెరుపు ఏమియు లేదు. మా మెకానిక్కు అయస్కాంతమును బండి చుట్టును త్రిప్పెను. ఒక్కచోట తప్ప అంతటను పట్టుకొనినది. మాష్టరుగారు లోపలికి వెళ్ళి అట్ట చిరిగిన పద్దు పుస్తకమును తెచ్చి మా చేతికిచ్చిరి. బండి కొన్న నాటినుండి వేసిన నూనె, మార్చిన ప్లగ్గులు, విజయవాడ ఆటోనగరులో కొన్న సామానులు, తేదీతోను ధరతోను వ్రాయబడియున్నవి.

“బాబూ, ముందే చెబుతున్నాను” అనిరి మాష్టరుగారు. “అయస్కాంతం పట్టనిచోట గేదె కొమ్ము దిగింది, పుట్టీ పెట్టించాను. చలికాలం పొద్దున్నే రెండో గేరు మొరాయిస్తుంది. కుడి పక్క అద్దం పూర్తిగా కిందకి దిగదు. నాకు చూపు తగ్గింది, మా పిల్లలు అమెరికాలో ఉన్నారు. నడపకుండా పెడితే పాడైపోతుందని అమ్ముతున్నాను.”

మేము మేదరమెట్ల వరకు నడిపి చూచి తిరిగి వచ్చితిమి. ఆయన చెప్పిన రెండు లోపములును ఉన్నవి. చెప్పనిది ఒకటియు మాకును మా మెకానిక్కునకును కనబడలేదు. పదివేలు పోగొట్టుకొన్ననాడు మాకు అర్థము కాని సంగతి ఆనాడు అర్థమైనది. మెరయు బండిని అమ్మినవారు దానికి ఒక్క లోపమును చెప్పలేదు. బాగుగా కాపాడినవానికి తన బండి లోపములన్నియు తెలిసియుండును. అడుగక ముందే చెప్పును. మీరు ఎక్కడ ఏ పాత బండిని కొనబోయినను, “దీనికి ఏమేమి లోపాలున్నాయండీ?” అని మొదట అడుగుడు. ఏమియు లేవని సమాధానము వచ్చినచో, బయానా జేబులోనే ఉంచుకొని, మిగిలిన పరీక్షలు మరింత శ్రద్ధగా చేయుడు.

ఆయన అడిగిన ధర న్యాయముగనే యున్నది. మరమ్మతులకని ధరలో మూడవ వంతు వేరుగా తీసి ఉంచుకొని మరీ వెళ్ళితిమి. బేరమాడవలెనని దారిపొడుగున అనుకొన్నాము. కాని రెండవ గేరు కొరకు, దిగని అద్దము కొరకు వేయి రూపాయలు తగ్గింపుడని అడుగుటకు మాకు నోరు రాలేదు.

మాష్టరుగారు తాళముతోపాటు ఆ పద్దు పుస్తకమును కూడ ఇచ్చిరి. గుంటూరు చేరిన మరునాడు అందులో మేము మొదటి పద్దు వ్రాసితిమి: రేడియేటరు గొట్టములు రెండు, పెట్రోలు గొట్టము ఒకటి.