ఆఫీసులో పెట్టుడు పేర్లు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసులో పెట్టుడు పేర్లు ఎందుకు పుడతాయో మీకు తెలియనిది కాదు. ఒక్క సెక్షనులో ముగ్గురు సత్యనారాయణలుంటే ఏం చేస్తాం? సీటును బట్టి బిల్లుల సత్యనారాయణ, తపాలా సత్యనారాయణ అనుకునేవాళ్లం. సీటు మారినా పేరు మారేది కాదు. సూపరింటెండెంటు అయిన తరువాత కూడా ఆయన తపాలా సత్యనారాయణగారే. చివర ‘గారు’ ఉన్నంతవరకు అందులో తప్పులేదు.

సినిమావారిని చూడండి. 1950లో ‘షావుకారు’ వచ్చింది, జానకిగారు షావుకారు జానకి అయ్యారు. 1967 నాటి ‘సాక్షి’తో రంగారావుగారు సాక్షి రంగారావు అయ్యారు. 1982లో ‘నాలుగు స్తంభాలాట’ తరువాత వీరభద్రరావు, వేలు గార్లకు ‘సుత్తి’ ఇంటిపేరే అయిపోయింది. పని చూసి లోకం ఇచ్చిన పేర్లవి. వారూ తెరమీద అవే వేయించుకున్నారు.

మరి కుంటి, నత్తి, మెల్ల అన్నవి ఏ పని చూసి పెట్టినవండీ? పై అధికారికి పెట్టిన పేరు ఆయన చెవిన పడకుండా ఎంతో జాగ్రత్తపడతాం. అటెండరును మాత్రం ఎదురుగానే పిలుస్తాం. నా అభ్యంతరం అక్కడ.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక అటెండరు కాలు ఈడ్చి నడిచేవారు. ఒకనాడు కాలేజీలో చదివే ఆయన కూతురు ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చి, తండ్రి పూర్తి పేరు చెప్పి అడిగింది. సీట్లో ఉన్న గుమాస్తా కాసేపు ఆలోచించి, “ఓహో, కుంటాడా!” అని లోపలికి కేకేశాడు. అలవాటు కొద్దీ “అయ్యా” అంటూ ఆయన వచ్చారు. పిల్లను చూసి తల దించుకున్నారు. అప్పటిదాకా ఆ పిలుపుకు నవ్వేవారు, ఆ రోజునుంచి నవ్వలేదు. పిలుపు మాత్రం ఆగలేదు. రిటైరైననాడు సన్మానపత్రంలో పేరు వేయడానికి సర్వీసు రిజిస్టరు తెప్పించి చూడవలసి వచ్చింది!

“నవ్వేవాడుగా, బాధేముంది?” అనేవారున్నారు. నెల జీతం మీద బతికేవాడు నవ్వక ఏం చేస్తాడు?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షను ప్రకారం, నలుగురిలో కించపరచాలని వికలాంగులను అవమానిస్తే ఆరు నెలలనుంచి అయిదేళ్లదాకా జైలు. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో దూషిస్తే 1989 చట్టం ఉంది. అంతదాకా ఎందుకు? “మిమ్మల్ని ఏమని పిలవమంటారు?” అని మొదటిరోజే అడగమని ఉద్యోగాల్లో చేరుతున్న మన పిల్లలకు చెబుదాం.

పనిలో పనిగా మరొకటి. ఇంట్లో పిలిచే ‘పాప’, ‘బేబి’ పేర్లే పెన్షను కాగితాల్లో భార్య పేరుగా రాసినవారు మనలో ఉన్నారు. పి.పి.ఓ.లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే రేపు ఫ్యామిలీ పెన్షనుకు తిరగవలసింది ఆవిడే. ఈ సాయంత్రమే తీసి చూసుకోండి. తేడా ఉంటే మీరుండగానే దిద్దించండి.

సంఘం చిరునామాల పుస్తకంలో పెట్టుడు పేర్లూ వేయాలని కొందరు మిత్రులు కోరారు. ఎవరికి వారు స్వదస్తూరీతో రాసిస్తేనే వేయాలని నా మనవి. తపాలా సత్యనారాయణగారు ఇప్పటికే రాసిచ్చారు.

సెలవు.