పది డాలర్లు, ఐదు డాలర్లు



ఎవరి పేరిట ఏటా ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర నేను చరిత్ర చదువుకున్నాను. ఒకసారి అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు రాయమన్నారు. పత్తి, సుంకాలు, రాష్ట్రాల హక్కులు, లింకన్ ఎన్నిక అంటూ ఆరు కారణాలకు వరసగా అంకెలు వేసి రాశాను. మార్కులు బాగానే వేశారు. కానీ అంచున ఎర్రసిరాతో ఒక ప్రశ్న రాశారు: "ఇందులో బానిస ఏడీ?" బానిసత్వం అన్న మాట నా జవాబులో నాలుగుసార్లుంది. నిజమే, బానిస మాత్రం ఎక్కడా లేడు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళకు జవాబు చెప్పుకొనే వీలు కలిగింది.

యుద్ధం అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి రాయబారాలు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకాలను తెల్లవార్లూ కూర్చుని చూసిన తరం నాది. అక్కడ శ్రీకృష్ణుడు పాండవుల తరఫున వచ్చాడు. వాళ్ళ మాట సభకు తెచ్చాడు. అమెరికాలోనూ యుద్ధానికి ముందు డెబ్భై ఏళ్ళపాటు రాయబారాలే నడిచాయి. కానీ ఎవరి గురించి ఆ బేరాలు జరిగాయో వాళ్ళ తరఫున సభలో ఎవరూ లేరు.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్ళు బానిస అన్న మాటే వాడలేదు. మన ఇళ్ళలో చీకటి పడ్డాక పాము పేరెత్తరు, పురుగు అంటారు చూశారూ, అలాగన్నమాట. "ఇతర వ్యక్తులు" అన్నారు, "పనికి కట్టుబడినవారు" అన్నారు. ఆ ఇతర వ్యక్తులను లెక్కలో ఐదింట మూడొంతులు కలిపి, దానిని బట్టి దక్షిణాదికి ప్రతినిధుల సభలో సీట్లు పెంచారు. సీటు యజమానిది, లెక్క బానిసది. విదేశాల నుంచి బానిసల దిగుమతిని 1808 దాకా కాంగ్రెసు నిషేధించకూడదన్నారు. ఒక రాష్ట్రం నుంచి పారిపోయి మరో రాష్ట్రం చేరినవాణ్ణి తిరిగి అప్పగించాలని ఇంకో నిబంధన పెట్టారు. ఆనాడు దానిమీద పెద్దగా చర్చ జరగలేదు. కొంప ముంచింది మాత్రం అదే.

బానిసత్వం దానంతటదే సద్దుమణుగుతుందని చాలామంది పెద్దలు అనుకున్నారు. కానీ 1793లో పత్తి గింజను దూది నుంచి వేరుచేసే యంత్రం వచ్చింది. పొట్టి పింజె పత్తి కూడా లాభసాటి అయింది. 1790లో ఏడు లక్షలకు కాస్త తక్కువున్న బానిసలు 1860 నాటికి 39 లక్షలు దాటారు. అప్పటికి అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. వర్జీనియా నుంచి మిసిసిపీ దాకా తల్లిని ఒకరికి, బిడ్డను ఒకరికి అమ్మిన బజారు అది. బానిసల ఖరీదంతా కలిపితే దేశంలోని రైల్వేలు, ఫ్యాక్టరీల పెట్టుబడి కంటే ఎక్కువని ఆర్థిక చరిత్రకారుల అంచనా. అంత ఆస్తి ఉన్నవాడు దానంతటదే పోతుందని చూస్తూ కూర్చోడు.

1820లో మిసోరీ వివాదం వచ్చింది. మిసోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకుని, మిగతా పడమటి భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీద గీత గీశారు. పెద్దమనుషుల ఒప్పందం అంటే ఏమిటో మన నేలమీద ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళు నడిచింది.

ఈ ముప్పై ఏళ్ళలో సభ చేసిన పని మాట్లాడకుండా ఉండడం. బానిసత్వం మీద వచ్చే వినతిపత్రాలను చదవకుండానే పక్కన పెట్టాలని 1836లో ప్రతినిధుల సభ నియమం చేసుకుంది. 1844 దాకా అది అమల్లో ఉంది. దేశాధ్యక్షుడిగా చేసి, మళ్ళీ మామూలు సభ్యుడిగా వచ్చిన జాన్ క్విన్సీ ఆడమ్స్ ముసలాయనకు ఆ నియమాన్ని గిల్లడమే పని. 1837లో ఒకరోజు లేచి, "బానిసలే పంపినట్టున్న వినతిపత్రం ఒకటి నా దగ్గరుంది, ఇది మీ నియమం కిందికి వస్తుందా?" అన్న అర్థం వచ్చేలా అడిగాడు. సభ అట్టుడికింది. ఆయన్ని అభిశంసించాలన్నారు. కాగితం మీద రభసంతా అయ్యాక, ఆ వినతి బానిసత్వాన్ని రద్దు చేయమని కాదు, వద్దని అన్నాడాయన! బానిస సంతకమున్న కాగితం గదిలోకి రావచ్చా అన్నదే ఆ గలభా అంతటికీ మూలం. అందులో ఏముందో ఎవరికీ పట్టలేదు.

రాజకీయ పార్టీల కంటే ముందు చర్చిలు చీలాయి. 1844లో మెథడిస్టులు, జార్జియాకు చెందిన ఒక బిషప్‌కు బానిసలుండవచ్చా అన్న పేచీ మీద. 1845లో బాప్టిస్టులు. బానిసలున్నవాణ్ణి మిషనరీగా పంపం అని బోస్టన్‌లోని మిషన్ బోర్డు చెప్పేసరికి, దక్షిణాది బాప్టిస్టులు జార్జియాలోని అగస్టాలో కూడి వేరు కుంపటి పెట్టారు. ఇందులో మనకొక చుట్టరికం ఉంది. శామ్యూల్ డే నెల్లూరులో 1840లో స్థిరపరిచిన తెలుగు మిషన్ ఆ బోస్టన్ బోర్డుదే. పత్తి పొలాల గురించి ఉత్తరానికీ దక్షిణానికీ జరిగిన తగవులో, నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టుల పెద్దిల్లు ఏ పక్కన మిగిలిందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఒకే బైబిలు చదివేవాళ్ళు కలిసి ప్రార్థన చేయలేని స్థితికొచ్చారంటే కాంగ్రెసు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మెక్సికోతో యుద్ధం 1848లో ముగిసింది. కాలిఫోర్నియా దాకా కొత్త భూమి చేతికొచ్చింది. అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా? 1850లో మళ్ళీ రాయబారం. ముసలి సెనేటర్ హెన్రీ క్లే ప్రతిపాదించాడు, మరో సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ ముక్కలు ముక్కలుగా నెగ్గించాడు. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రం అయింది. రాజధానిలో బానిసల క్రయవిక్రయాలు ఆపారు, బానిసత్వాన్ని మాత్రం ఆపలేదు. వీటికి బదులుగా దక్షిణాది కోరింది పారిపోయినవాళ్ళను పట్టి అప్పగించే కొత్త చట్టం.

ఎందుకు కోరింది? ఆ ఏడు జనాభా లెక్కల్లో పారిపోయినవాళ్ళు వెయ్యి పైచిలుకు. మొత్తం బానిసలు 32 లక్షలు. సముద్రంలో కాకిరెట్ట. కానీ పారిపోయినవాడు ఒక మనిషి మాత్రమే కాదు, ఒక సాక్ష్యం. దక్షిణాదిలో బానిసలు సుఖంగా ఉన్నారని చెప్పుకొనే ప్రతి యజమాని మాటకూ వాడి కాళ్ళే జవాబు. పైగా 1842లో సుప్రీంకోర్టు, పారిపోయినవాణ్ణి పట్టడం కేంద్రం పని, అందుకు రాష్ట్రాలు సాయపడి తీరాలని లేదు అంది. అదే అదనుగా ఉత్తరాది రాష్ట్రాలు కొన్ని తమ జైళ్ళను ఇవ్వబోమన్నాయి.

1850 చట్టంలోని నిబంధనలు వినండి. పట్టుబడినవాడికి జూరీ విచారణ లేదు. తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకొనే హక్కు లేదు. పారిపోవడానికి సాయం చేసినవాడికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరునెలల దాకా జైలు. దారినపోయేవాణ్ణి పిలిచినా వచ్చి పట్టివ్వాలి. తీర్పు చెప్పే కమిషనర్‌కు, వీడు బానిసే అని తేలిస్తే పది డాలర్లు, కాదని వదిలేస్తే ఐదు డాలర్లు. అప్పగింతకు రాతకోతలు ఎక్కువ కదా, అందుకే ఎక్కువ రుసుము అని సమర్థించారు. గుమాస్తా లెక్క ప్రకారం సబబే. దేశంలో సగం జనానికి మాత్రం అందులో ఇంకేదో కనిపించింది.

అప్పటిదాకా బోస్టన్ వర్తకుడికి బానిసత్వం దూరపు కొండ. ఆ పత్తితోనే ఆయన మిల్లు నడిచేది. కొత్త చట్టం ఆ కొండను తెచ్చి గుమ్మంలో పెట్టింది.

1854 మే 24 సాయంత్రం బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి పట్టుకున్నారు. వర్జీనియా నుంచి ఓడలో దాక్కుని వచ్చి, ఒక బట్టల కొట్లో పనిచేస్తున్నాడు. అన్నకు రాసిన ఉత్తరం యజమాని చేతిలో పడి ఆచూకీ దొరికింది. నగల దొంగతనం అని చెప్పి ఆపారు. రెండ్రోజులకు జనం కోర్టు తలుపులు బద్దలుకొట్టబోయారు, ఒక కాపలావాడు చనిపోయాడు. చందాలతో 1200 డాలర్లు పోగుచేసి అతణ్ణి కొనేస్తామన్నారు. యజమాని సరేనన్నాడు కూడా. ప్రభుత్వ వకీలు అడ్డుపడ్డాడు, చట్టం అమలై తీరాలన్నాడు. జూన్ 2న కమిషనర్ ఎడ్వర్డ్ లోరింగ్ అప్పగించమని తీర్పిచ్చాడు. సైనికులు, ఫిరంగి, ఇరుపక్కలా వేలాది జనం, దుకాణాలకు వేలాడే నల్లగుడ్డలు. వాటి మధ్య ఒక్క కుర్రాణ్ణి రేవు దాకా నడిపించారు. అంతవరకు నెమ్మదస్తుడిగా పేరున్న ఆమోస్ లారెన్స్ అనే మిల్లుల ఆసామి, ఆ రాత్రి మితవాదులుగా పడుకున్నవాళ్ళం పొద్దున్నే బానిసత్వ నిర్మూలనవాదులుగా లేచాం అన్నట్టు రాశాడు. వందల ఉపన్యాసాలు చేయలేని పని ఒకడి నడక చేసింది.

మరుసటేడు బోస్టన్ నల్లవారి చర్చి పాస్టరు ఒకాయన డబ్బు కూడేసి 1300 డాలర్లకు బర్న్స్‌ను విడిపించాడు. అతను ఓబర్లిన్‌లో చదివి, కెనడాలో బోధకుడై, 1862లో ఇరవై ఎనిమిదేళ్ళకే పోయాడు. లోరింగ్‌ను మసాచుసెట్స్ రాష్ట్రం 1858లో న్యాయమూర్తి పదవి నుంచి తొలగించింది.

బర్న్స్ ఇంకా నిర్బంధంలో ఉండగానే, మే 30న కాన్సస్–నెబ్రాస్కా చట్టం మీద అధ్యక్షుడు పియర్స్ సంతకం పెట్టాడు. 1820 నాటి గీత చెరిగిపోయింది. బానిసత్వం కావాలో వద్దో ఆ భూభాగాల్లో స్థిరపడినవాళ్ళే ఓటేసి తేల్చుకుంటారన్నాడు డగ్లస్. వినడానికి ఎంత ప్రజాస్వామికంగా ఉంది! 1855 మార్చిలో కాన్సస్‌లో అర్హులైన ఓటర్లు 2,905 మంది, పోలైన ఓట్లు 6,307. మిసోరీ నుంచి తుపాకులతో వచ్చి వేసిపోయారు. ఇలాంటి లెక్కలు మనకు కొత్త కాదు గానీ, అక్కడ అవి నెత్తుటితో తేలాయి. 1856 మే 21న లారెన్స్ పట్టణం దోపిడీ. 22న సెనేట్ లోపలే బానిసత్వ వ్యతిరేకి అయిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను దక్షిణాది ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో స్పృహ తప్పేలా కొట్టడం. 24 రాత్రి బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ మనుషులు బానిసత్వ పక్షం వాళ్ళు ఐదుగురిని ఇళ్ళలోంచి లాగి నరకడం. వారం తిరక్కుండా ఇవన్నీ.

1857లో, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో ప్రధాన న్యాయమూర్తి టానీ, నల్లవాడు అమెరికా పౌరుడు కాలేడనీ, భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెసుకు లేదనీ తేల్చేశాడు. ఇక రాజీకి చోటేది?

నా జవాబులోని మూడో కారణం దగ్గరికి వస్తాను. రాష్ట్రాల హక్కుల కోసమే దక్షిణాది పోరాడిందని ఇప్పటికీ రాస్తారు. 1854లో విస్కాన్సిన్‌లో జనం జాషువా గ్లోవర్ అనే పారిపోయిన మనిషిని జైలు నుంచి విడిపించారు. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1850 చట్టమే చెల్లదంది. అంటే రాష్ట్రం హక్కు చూపించింది ఉత్తరాది. 1859లో టానీ కోర్టు ఆ తీర్పును కొట్టేస్తే సంతోషించింది దక్షిణాది. 1860 డిసెంబరు 20న సౌత్ కరొలైనా విడిపోయాక ప్రకటించిన కారణాల్లో ముఖ్యమైనది, ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయినవాళ్ళను అప్పగించడం లేదన్న ఫిర్యాదు. ఇతర రాష్ట్రాలు తమ ఇష్టప్రకారం చట్టాలు చేసుకున్నాయన్నదే ఆ కోపం. మిసిసిపీ అయితే డొంకతిరుగుడు లేకుండా తన స్థానం బానిసత్వంతో ముడిపడినదని రాసింది. వాళ్ళే అంత సూటిగా రాసుకున్నాక మనం సుంకాలని రాయడం దేనికి? ఆ తప్పు నేనూ చేశాను.

మిగతాది మీకు తెలిసిందే. 1859లో బ్రౌన్ హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడి ఉరికంబం ఎక్కాడు. డెమొక్రాట్లు చీలిపోయారు. దక్షిణాన చాలా రాష్ట్రాల్లో పోటీలో పేరే లేని లింకన్, నూటికి నలభై ఓట్లయినా పూర్తిగా రాకుండానే గెలిచాడు. బానిసత్వం ఉన్నచోట దాని జోలికి రానన్నాడు, కొత్త భూమిలోకి పాకనివ్వనన్నాడు. పాత గీతను పడమటికి పొడిగిద్దామని సెనేటర్ క్రిటెండెన్ చివరి రాయబారం తెచ్చాడు, కుదర్లేదు. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి.

మాస్టారి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

1861లోనే మే 23 రాత్రి వర్జీనియాలో ముగ్గురు బానిసలు, ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్, పడవ వేసుకుని కేంద్ర సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకు వచ్చారు. వాళ్ళచేత యజమాని తిరుగుబాటు సైన్యానికి ఫిరంగి దిబ్బలు కట్టిస్తున్నాడు. కోటలోని జనరల్ బట్లర్ బానిసత్వ వ్యతిరేకి కాడు. వకీలు. ఏడాది కిందటే డెమొక్రాట్ల మహాసభలో, తరువాత తిరుగుబాటు రాష్ట్రాలకు అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్‌కు యాభై ఏడుసార్లు ఓటేసినవాడు. 24న యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండాతో వచ్చి 1850 చట్టం ప్రకారం ముగ్గురినీ అప్పగించమన్నాడు. బర్న్స్‌ను బోస్టన్‌లో పట్టుకున్న నాటికి సరిగ్గా ఏడేళ్ళు. మీరు వేరే దేశమంటున్నారుగా, అమెరికా చట్టం విదేశీయులకు వర్తించదు అన్నాడు బట్లర్. శత్రువు సామానుగా జమ కట్టి వాళ్ళను పనిలో పెట్టుకున్నాడు.

ఆదివారం మరో ఎనిమిది మంది వచ్చారు. సోమవారం నలభై ఏడు మంది, ఈసారి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంకన పసిబిడ్డలు.